జే మైనర్

జే గ్లెన్ మైనర్ (మే 31, 1932 - జూన్ 20, 1994) అమెరికాకు చెందిన ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు, ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్ల రూపకర్త. అటారీ 2600 వీడియో గేమ్ యంత్రంలో బొమ్మను, శబ్దాన్ని పుట్టించే టి.ఐ.ఎ. చిప్, అటారీ 400, 800 కంప్యూటర్ల చిప్‌లు, అమీగా కంప్యూటర్ చిప్‌ల సముదాయం ఈయన నాయకత్వంలో రూపొందాయి. అమీగా వాడకందారులు ఈయనను అమీగా పితామహుడిగా గౌరవిస్తారు.

వీడియో గేమ్ ఎంత సాఫీగా నడుస్తుందన్నది ప్రధాన ప్రాసెసర్ వేగం మీదనే ఆధారపడి ఉంటుందని చాలామంది భావిస్తారు. మైనర్ రూపొందించిన మూడు యంత్రాల చరిత్రను గమనిస్తే విషయం అంత సులభం కాదని తెలుస్తుంది. ఏ పనిని ఏ చిప్‌కు అప్పగించారు, ఆ చిప్‌లన్నీ ఒకే మెమరీని ఎలా పంచుకుంటున్నాయి, టెలివిజన్ తెర వేగంతో అవి ఎలా కలిసి నడుస్తున్నాయి అనే ప్రశ్నలకు ఈయన జీవితమంతా సమాధానాలు వెదికాడు.

బాల్యం, విద్యాభ్యాసం

మైనర్ అరిజోనా రాష్ట్రంలోని ప్రెస్కాట్ పట్టణంలో 1932 మే 31న జన్మించాడు. తరువాత వీరి కుటుంబం దక్షిణ కాలిఫోర్నియాకు తరలివెళ్ళింది. ఉన్నత పాఠశాల చదువు ముగిశాక ఈయన అమెరికా తీరరక్షక దళంలో చేరాడు. దళం వారు కనెక్టికట్ రాష్ట్రంలోని గ్రోటన్‌లో నడిపే పాఠశాలలో ఎలక్ట్రానిక్స్ శిక్షణ పొందాడు. ఈయనకు ఆ విద్యతో తొలి పరిచయం అక్కడే జరిగింది. తరువాత ఉత్తర అట్లాంటిక్ సముద్రంలో వాతావరణ పరిశీలన విభాగంలో పనిచేశాడు. కొలువు ముగించుకొని బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరి, 1950వ దశకం చివర ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో పట్టా పొందాడు.

అవి ట్రాన్సిస్టర్ల నుండి ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్లకు మారుతున్న రోజులు. మైనర్ 1960వ దశకంలో జనరల్ మైక్రోఎలక్ట్రానిక్స్ అనే సంస్థలో చేరి, మాస్ పద్ధతి చిప్‌లతో తయారైన తొలి కాలిక్యులేటర్లలో ఒకదాని రూపకల్పనలో పాలుపంచుకున్నాడు. 1973లో ఏర్పడిన సినెర్టెక్ అనే చిప్‌ల కంపెనీ స్థాపకులలో ఈయన కూడా ఒకడు. అంటే ఆటల రంగంలో అడుగుపెట్టేనాటికే ఈయన నలభై దాటిన, చేయి తిరిగిన చిప్ రూపకర్త. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. చిప్‌పై ప్రతి ట్రాన్సిస్టర్‌కూ ఖరీదు ఉంటుందని, అక్కరలేని ప్రతి చదరపు మిల్లీమీటరూ నష్టమేనని తెలిసినవాడు మాత్రమే అటారీ 2600 వంటి చౌక యంత్రాన్ని సాధ్యం చేయగలిగాడు.

అటారీ 2600, టి.ఐ.ఎ. చిప్

1970వ దశకం నడుమ మైనర్ అటారీ సంస్థలో చేరాడు. అప్పటికి ఇళ్ళలో ఆడే వీడియో గేమ్ యంత్రాలు ఒకటి రెండు ఆటలకే పరిమితం. మరో ఆట కావాలంటే మరో యంత్రం కొనుక్కోవాలి. కార్ట్‌రిడ్జ్ మార్చి ఎన్ని ఆటలైనా ఆడుకోగల యంత్రాన్ని చేయాలని అటారీ సంకల్పించింది. కాలిఫోర్నియాలోని గ్రాస్ వ్యాలీలో ఉన్న అటారీ పరిశోధన విభాగంలో స్టీవ్ మేయర్, రాన్ మిల్నర్ దీని తొలి నమూనాను తయారుచేశారు. యువ ఇంజనీరు జో డికూర్ వీరితో కలిసి పనిచేశాడు. యంత్రానికి పెట్టుకున్న రహస్యనామం స్టెల్లా. అది డికూర్ సైకిలు పేరు. బల్లంతా పరచుకున్న ఆ నమూనా సర్క్యూట్‌ను ఒక్క చిప్‌లోకి కుదించే బాధ్యత మైనర్‌కు అప్పగించారు. అలా పుట్టినదే టెలివిజన్ ఇంటర్‌ఫేస్ అడాప్టర్, సంక్షిప్తంగా టి.ఐ.ఎ.

ఈ చిప్ గొప్పతనం తెలియాలంటే ఒక చిన్న లెక్క చూడాలి. ఆ యంత్రం తెరపై బొమ్మ అడ్డంగా 160, నిలువుగా సుమారు 192 చుక్కలు ఉంటుంది. చుక్కకు ఒక్క బిట్ చొప్పున, అంటే కేవలం నలుపు తెలుపులలో దాచుకోవాలన్నా 3,840 బైట్ల మెమరీ కావాలి. అటారీ 2600లో ఉన్న మెమరీ మొత్తం 128 బైట్లు. బొమ్మకు కావలసినదానిలో ముప్పయ్యో వంతు మాత్రమే! మెమరీ ఖరీదు అధికంగా ఉన్న ఆ రోజులలో అంతకు మించి పెడితే యంత్రం ధర సామాన్యులకు అందుబాటులో ఉండదు.

అందువల్ల బొమ్మను దాచుకోవాలనే ఆలోచననే విడిచిపెట్టారు. పిక్చర్ ట్యూబ్‌లో ఎలక్ట్రాన్ కిరణం తెరపై ఒక్కొక్క గీతగా ఎడమ నుండి కుడికి సాగుతుంది. టి.ఐ.ఎ. చిప్ ఒక్క గీతకు సరిపడే వివరాలను మాత్రమే తనలో ఉంచుకుంటుంది. ఆ గీత పూర్తికాగానే తరువాతి గీత వివరాలను ప్రాసెసర్ అందించాలి. మగ్గం మీద నేతగాడు ఒక్కొక్క పేక పోగునూ వేస్తూపోయినట్లుగా, బొమ్మ ఎప్పటికప్పుడు నేయబడుతుంది. తేడా ఏమిటంటే ఇక్కడ నేసిన గుడ్డ నిలవదు, క్షణంలో అరవయ్యో వంతు గడిచేసరికి మళ్ళీ మొదటి నుండి నేయాలి.

ఆ యంత్రంలోని 6507 ప్రాసెసర్ వేగం సుమారు 1.19 మెగాహెర్ట్జ్. తెరపై ఒక గీత సాగే సమయంలో దానికి దక్కేది సరిగ్గా 76 ఆవర్తనాలు. ఒక్కొక్క ఆదేశానికి రెండు మొదలు ఏడు ఆవర్తనాలు పడతాయి కాబట్టి గీతకు ఇరవై ముప్పయి ఆదేశాల కంటే ఎక్కువ సాధ్యం కాదు. ఆట రాసే ప్రోగ్రామర్ ఈ ఆవర్తనాలను రూపాయి లెక్కపెట్టినట్లు లెక్కపెట్టుకోవలసి వచ్చేది. ఒక గీత ముగిసి మరొకటి మొదలయ్యేవరకు ప్రాసెసర్‌ను ఆపి ఉంచే సదుపాయం కూడా టి.ఐ.ఎ.లో ఉంది. చిప్ ప్రాసెసర్ కొరకు ఆగదు, ప్రాసెసరే చిప్ కొరకు ఆగాలి. అమెరికా టెలివిజన్ పద్ధతిలో ఒక బొమ్మకు 262 గీతలు. వాటిలో సుమారు 192 కనబడేవి. కనబడని 70 గీతల సమయంలోనే ఆట నియమాలు, లెక్కలు, జయాపజయాలు అన్నీ తేల్చుకోవాలి. అంటే ప్రాసెసర్ కాలంలో దాదాపు నాలుగింట మూడు వంతులు బొమ్మ గీయడానికే చెల్లిపోతుంది.

1979లో వచ్చిన వీడియో చెస్ ఆట దీనికి చక్కటి ఉదాహరణ. యంత్రం తన ఎత్తు ఆలోచించుకునేటప్పుడు తెరపై చదరంగం బల్ల మాయమై రంగులు మాత్రమే కనిపించేవి. ఆలోచించడం, గీయడం రెండూ ఒకేసారి చేయడానికి ప్రాసెసర్‌కు తీరిక లేకపోవడమే దీనికి కారణం.

గీతపై టి.ఐ.ఎ. స్వయంగా చూపగల వస్తువులు ఇద్దరు ఆటగాళ్ళు, రెండు గుళ్ళు, ఒక బంతి, వీటికి తోడు వెనుకనుండే గోడల వంటి రంగస్థలం. పాంగ్, ట్యాంక్ అనే అటారీ ఆటలను ఇంటికి తేవడమే అసలు ఉద్దేశం కాబట్టి అంతే చాలుననుకున్నారు. అయితే ఈ వస్తువులను స్వేచ్ఛగా ఏ గీత వద్దనైనా మార్చుకునే వీలుండటం వల్ల ప్రోగ్రామర్లు రూపకర్తలు ఊహించని పనులు చేశారు. ఆటగాడి బొమ్మను చిప్ మూడు ప్రతులుగా చూపగలదు. ఇద్దరు ఆటగాళ్ళకు మూడేసి చొప్పున ఆరు బొమ్మలు. 1980లో ఈ యంత్రానికి వచ్చిన స్పేస్ ఇన్వేడర్స్‌లో శత్రువులు వరుసకు ఆరుగురే ఉండటానికి మూలం ఇదే. నాణెం వేసి ఆడే అసలు యంత్రంలో వరుసకు పదకొండు మంది. 1982లో వచ్చిన పాక్‌మాన్‌లో నాలుగు భూతాలు మిణుకుమిణుకుమనడానికి కూడా చిప్ పరిమితియే కారణం. ఒకే వస్తువును నాలుగు భూతాలకు వంతులవారీగా పంచారు. ఆట నాణ్యతను హార్డ్‌వేర్ శాసించడం అంటే ఏమిటో ఇంతకంటే స్పష్టంగా చూపే ఉదాహరణలు అరుదు.

రెండు వస్తువులు ఒకదానికొకటి తాకాయా అనే సంగతిని కూడా టి.ఐ.ఎ. తానే కనిపెట్టి గుర్తుపెట్టుకుంటుంది. గుండు తగిలిందో లేదో తెలుసుకోవడానికి ప్రోగ్రామర్ లెక్కలు వేయనక్కరలేదు. ఊపిరాడని ప్రాసెసర్‌కు ఇది పెద్ద ఊరట.

ఈ యంత్రం 1977 సెప్టెంబరులో విడుదలైంది. 1990వ దశకం ఆరంభం వరకు దీని ఉత్పత్తి సాగింది. సుమారు మూడు కోట్ల యంత్రాలు అమ్ముడయ్యాయని అంచనా.

అటారీ 400, 800

అటారీ 2600 విడుదలకు ముందే దాని తరువాతి యంత్రపు ఆలోచన మొదలైంది. మొదట ఆటల యంత్రంగా తలపెట్టినది చివరకు 1979లో అటారీ 400, 800 అనే గృహ కంప్యూటర్లుగా వచ్చింది. ఈ చిప్‌ల పనికి మైనర్ నాయకత్వం వహించాడు.

టి.ఐ.ఎ.కు గీత గీతకూ ప్రాసెసర్ వడ్డించవలసి రావడమే పెద్ద లోపమని మైనర్ గ్రహించాడు. కొత్త యంత్రంలో యాంటిక్ అనే చిప్‌ను చేర్చారు. ఇది ఒక విధంగా తెర కొరకే పనిచేసే చిన్న ప్రాసెసర్. తెరపై ఏ గీత వద్ద ఏ తరహా బొమ్మ ఉండాలో చెప్పే ఆదేశాల పట్టికను మెమరీలో ఉంచితే, యాంటిక్ దానిని తానే చదువుకుని, బొమ్మ వివరాలను మెమరీ నుండి తానే తెచ్చుకుని, సి.టి.ఐ.ఎ. అనే రెండవ చిప్‌కు అందిస్తుంది. ఆ చిప్ దానికి రంగులు వేస్తుంది. పోకీ అనే మూడవ చిప్ శబ్దాన్ని చూసుకుంటుంది. బడిలో గంట కొట్టడం, హాజరు పిలవడం, పాఠం చెప్పడం అన్నీ ప్రధానోపాధ్యాయుడే చేయవలసిన స్థితి పోయి, ఒక్కొక్క పనికి ఒక్కొక్కరు ఏర్పడినట్లయింది.

అయితే ఇందులోనూ ఒక చిక్కు ఉంది. మెమరీ ఒక్కటే. యాంటిక్ దానిని వాడుకుంటున్నంతసేపు 6502 ప్రాసెసర్ ఆగిపోవాలి. దీర్ఘమైన లెక్కలు చేయించేవారు తెరను పూర్తిగా ఆపివేసి, పని ముగిశాక మళ్ళీ వెలిగించేవారు. దానితో యంత్రం వేగం గణనీయంగా పెరిగేది. ఈ ఇబ్బంది మైనర్ మనసులో నిలిచిపోయిందని ఆయన తరువాతి యంత్రం చూస్తే అర్థమవుతుంది.

పోకీ చిప్ రూపకర్తలలో ఒకడైన డగ్ న్యూబావర్ ఈ కంప్యూటర్ కొరకు స్టార్ రైడర్స్ అనే ఆటను రచించాడు. కేవలం 8 కిలోబైట్ల కార్ట్‌రిడ్జ్‌లో అంతరిక్షంలో దూసుకుపోతున్న అనుభూతిని కలిగించిన ఈ ఆట కొరకే చాలామంది కంప్యూటర్ కొన్నారని చెబుతారు. చిప్ తయారుచేసినవాడే ఆట రాస్తే ఫలితం ఎలా ఉంటుందో ఇది చూపింది.

అటారీకి వీడ్కోలు

1979లో మోటరోలా సంస్థ 68000 అనే శక్తిమంతమైన ప్రాసెసర్‌ను వెలువరించింది. తన చిప్‌ల పద్ధతిని దీనితో జోడించి కొత్త యంత్రం నిర్మించాలని మైనర్ ఆశించాడు. ఆ ప్రాసెసర్ ఖరీదు అప్పట్లో ఎక్కువ. కొత్త కంప్యూటర్లు అప్పుడే మార్కెట్‌లోకి వచ్చినందున యాజమాన్యం ఇందుకు సుముఖత చూపలేదు. 1976లో వార్నర్ సంస్థ అటారీని కొన్న తరువాత ఇంజనీర్లకు, యాజమాన్యానికి నడుమ దూరం పెరుగుతూ వచ్చింది. చివరకు మైనర్ అటారీని వదిలి జైమోస్ అనే చిప్‌ల సంస్థకు వెళ్ళాడు.

ఈ దశలో ఈయన గుండెకు అమర్చే పేస్‌మేకర్ల చిప్‌లపై పనిచేశాడు. ఇంటర్మెడిక్స్ సంస్థ మైక్రోప్రాసెసర్‌తో తయారుచేసిన తొలి పేస్‌మేకర్‌లో ఈయన పాత్ర ఉంది. దానికి సంబంధించిన పేటెంట్లలో ఈయన పేరు కనబడుతుంది. శరీరం లోపల చిన్న బ్యాటరీతో ఏళ్ళ తరబడి పనిచేయవలసిన చిప్ ఒకటి, అర సెకను కూడా తడబడకుండా బొమ్మలు గీయవలసిన చిప్ మరొకటి. రెండింటికీ కావలసినది వృథా లేని రూపకల్పనే.

అమీగా స్థాపన

1982లో అటారీ పూర్వ ప్రోగ్రామర్ లారీ కాప్లాన్ కొత్త ఆటల సంస్థ పెట్టే ఆలోచనతో మైనర్‌ను కదిపాడు. పెట్టుబడిదారులు దొరికారు. టొంకా బొమ్మల కంపెనీ నుండి డేవిడ్ మోర్స్ అధిపతిగా వచ్చాడు. సంస్థకు మొదట హై-టోరో అని, తరువాత అమీగా అని పేరు పెట్టారు. కాప్లాన్ త్వరలోనే తప్పుకోగా సాంకేతిక బాధ్యత మైనర్‌పై పడింది. అప్పటికి ఈయన వయసు యాభై.

పెట్టుబడిదారులు కోరినది ఆటల యంత్రం. మైనర్ కోరినది కంప్యూటర్. కీబోర్డు, డిస్క్ డ్రైవు తరువాత తగిలించుకోగలిగేటట్లు ఆటల యంత్రాన్ని నిర్మించడం ద్వారా ఈయన రెండింటినీ నిలుపుకున్నాడు. 1983లో అమెరికాలో వీడియో గేమ్ వ్యాపారం కుప్పకూలినప్పుడు ఈ ముందుచూపే సంస్థను కాపాడింది.

ఖర్చుల కొరకు, అసలు పని బయటపడకుండా ఉండేందుకు సంస్థ జాయ్‌స్టిక్‌లు, కార్ట్‌రిడ్జ్‌లు అమ్మేది. వాటిలో జాయ్‌బోర్డ్ అనేది ఒకటి. ఆటగాడు దానిపై నిలబడి ఒరుగుతూ ఆడాలి. ప్రోగ్రామర్లు విసిగినప్పుడు దానిపై కదలకుండా ధ్యానముద్రలో కూర్చునేవారట. అమీగా కంప్యూటర్ ఆగిపోయినప్పుడు తెరపై కనిపించే గురు మెడిటేషన్ అనే సందేశానికి ఇదే మూలం.

అమీగా చిప్‌లు

లొరెయిన్ అనే రహస్యనామంతో సాగిన ఈ యంత్రంలో 68000 ప్రాసెసర్‌కు తోడు మూడు ప్రత్యేక చిప్‌లు ఉన్నాయి. అవి ఆగ్నస్, డెనీస్, పాలా. ఆగ్నస్ మెమరీని పంచిపెడుతుంది, డెనీస్ బొమ్మను తెరకెక్కిస్తుంది, పాలా శబ్దాన్ని, డిస్క్ వ్యవహారాన్ని చూస్తుంది.

ఆగ్నస్‌లోనే మైనర్ ప్రతిభ ఎక్కువగా కనబడుతుంది. 68000 ప్రాసెసర్ మెమరీని ఒకసారి ముట్టుకోవడానికి నాలుగు గడియార ఘాతాలు తీసుకుంటుంది, వాటిలో సగమే నిజంగా మెమరీ అవసరమైనవి. ఆ ఖాళీ సగాన్ని మిగిలిన చిప్‌లకు ఇచ్చే ఏర్పాటు చేశారు. సరి వంతులు ఒకరివి, బేసి వంతులు మరొకరివి. ఒకే చేదతో రెండు ఇళ్ళవారు వంతులవారీగా నీళ్ళు తోడుకున్నట్లు ఇద్దరి పనీ ఆగకుండా సాగుతుంది. అటారీ 800లో తెర వెలిగినంతసేపు ప్రాసెసర్ పడిన ఇబ్బందికి ఇది సమాధానం. అయితే రంగుల సంఖ్య పెంచి, మామూలు రీతిలో నాలుగు బిట్‌ప్లేన్‌లకు మించి వాడితే చిప్‌లు ప్రాసెసర్ వంతులను కూడా తీసుకోక తప్పదు. అప్పుడు ఆట నెమ్మదిస్తుంది. అందుకే చాలా ఆటలు పదహారు రంగులతో సరిపెట్టుకున్నాయి. ప్రాసెసర్ ఒక్కటే వాడుకునే అదనపు మెమరీని వేరుగా తగిలిస్తే ప్రోగ్రాములు వేగంగా నడిచేవి. ఆ మెమరీని వాడకందారులు ఫాస్ట్ ర్యామ్ అని పిలిచేవారు. దానిలోని చిప్‌లు వేగమైనవి కావు, అక్కడ పోటీ లేదు, అంతే.

ఆగ్నస్‌లో బ్లిటర్ అనే భాగం ఉంది. మెమరీలో ఒకచోటి బొమ్మను మరొకచోటికి తరలించడం, మూడు మూలాలను కలిపి నాలుగవదానిని చేయడం, గీతలు గీయడం, గీసిన ఆకారాన్ని రంగుతో నింపడం దీని పని. ప్రాసెసర్ ఆదేశమిచ్చి తన పని తాను చూసుకోవచ్చు. కాపర్ అనే మరో భాగం ఇంకా విచిత్రమైనది. దానికి తెలిసినవి మూడే ఆదేశాలు. తెరపై ఫలానా చోటు వచ్చేవరకు ఆగు, ఫలానా రిజిస్టర్‌లో ఈ విలువ ఉంచు, తరువాతి ఆదేశం దాటవెయ్యి. ఇంత చిన్న భాషతోనే గీత గీతకూ రంగులు మార్చి సూర్యాస్తమయ ఆకాశాలను చిత్రించారు. అటారీ 2600లో ప్రోగ్రామర్ చెమటోడ్చి చేసిన పనిని ఇక్కడ కాపర్ ప్రాసెసర్‌కు తెలియకుండానే చేసిపెట్టింది.

డెనీస్ ఎనిమిది స్ప్రైట్‌లను చూపగలదు. తోలుబొమ్మలాటలో తెరను కదపకుండా బొమ్మను మాత్రమే జరిపినట్లు, స్ప్రైట్ వెనుక ఉన్న దృశ్యాన్ని తిరిగి గీయకుండా ముందున్న పాత్రను కదపవచ్చు. మొత్తం 4,096 రంగుల నుండి ఏవైనా 32 ఎంచుకోవచ్చు. 4,096 రంగులనూ ఒకే తెరపై చూపే హామ్ అనే రీతి కూడా ఉంది. ఆటలకు అంత వేగంగా పనికిరాదని మైనర్ ఒక దశలో దీనిని తీసివేయాలనుకున్నాడు. తీసివేస్తే చిప్ మధ్యలో ఖాళీ మిగులుతుంది, దానిని పూడ్చాలంటే మళ్ళీ గీయాలి. సమయం లేక ఉంచేశారు. ఛాయాచిత్రాలను చూపడంలో అమీగాకు పేరు తెచ్చినది చివరకు అదే.

1984 జనవరిలో లాస్ వేగాస్‌లో జరిగిన ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనకు వెళ్ళేనాటికి ఈ చిప్‌లు ఇంకా తయారు కాలేదు. ఒక్కొక్క చిప్ పనినీ వందలకొద్దీ చిన్న చిప్‌లను తీగలతో కలిపిన పలకల దొంతర చేసింది. వాటిపై డేల్ లక్, ఆర్.జె. మైకల్ కలిసి రాసిన ఎరుపు తెలుపు గళ్ళ బంతి గిరగిరా తిరుగుతూ, గోడలకు తగిలి ఎగిరిపడుతూ చూపరులను నివ్వెరపరిచింది. నిజానికి బంతి బొమ్మ ఒక్కటే, దానిని తిరిగి గీయలేదు. రంగుల పట్టికను తిప్పడం వల్ల అది తిరుగుతున్నట్లు, తెర మొత్తాన్ని జరపడం వల్ల ఎగురుతున్నట్లు కనిపించింది. ప్రాసెసర్‌కు దాదాపు పనే లేదు.

కమొడోర్ సంస్థలో

ప్రదర్శన మెప్పు పొందినా సంస్థ ఖజానా నిండుకుంది. అటారీ ఐదు లక్షల డాలర్లు అప్పుగా ఇచ్చింది. గడువులోగా తీర్చకపోతే చిప్‌లపై హక్కు అటారీకి పోతుంది. ఆఖరి క్షణంలో కమొడోర్ సంస్థ ముందుకు వచ్చి ఆ సొమ్ము సర్దింది, 1984 ఆగస్టులో అమీగాను కొనివేసింది. కమొడోర్ స్థాపకుడైన జాక్ ట్రామియెల్ ఆ సంస్థను వీడి, అదే ఏడు జులైలో అటారీ గృహోపకరణ విభాగాన్ని కొన్నాడు. మైనర్ విడిచివచ్చిన అటారీ, మైనర్ చేరిన కమొడోర్ ఈ విధంగా అధిపతులను మార్చుకున్నట్లయింది.

1985 జులై 23న న్యూయార్క్‌లోని లింకన్ సెంటర్‌లో అమీగా 1000 విడుదలైంది. చిత్రకారుడు ఆండీ వార్హోల్ వేదికపై గాయని డెబీ హారీ చిత్రాన్ని దానిపై రూపొందించాడు. ధర 1,295 డాలర్లు. 7.16 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 కిలోబైట్ల మెమరీ, నాలుగు ఛానళ్ళ స్టీరియో శబ్దం ఉండేవి. మెమరీ రెట్టింపు ఉండాలన్నది మైనర్ కోరిక, ముందు భాగంలో అదనపు మెమరీకి చోటు వదిలి రాజీపడ్డారు. అప్పటి మెకింటోష్ తెర నలుపు తెలుపులదే. ఐ.బి.ఎం. పి.సి. ఈల వంటి శబ్దం మాత్రమే చేయగలిగేది. పెట్టె పైమూత లోపలి వైపు నిర్మాణ బృందం సంతకాలను అచ్చువేశారు. వాటితోపాటు ఒక కుక్క పాదముద్ర కూడా ఉంటుంది. అది మైనర్ పెంపుడు కుక్క మిచీది. ఈయన ఎక్కడికి వెళ్ళినా వెంట తీసుకువెళ్ళేవాడు. అటారీలో పనిచేసే రోజులలో దానికి ప్రత్యేక గుర్తింపు కార్డు కూడా ఉండేది.

1987లో వచ్చిన అమీగా 500 చౌక ధరతో యూరప్‌లో విశేషంగా ఆదరణ పొందింది. 1989 నాటి షాడో ఆఫ్ ది బీస్ట్ ఆటలో కొండలు, మేఘాలు, గడ్డి వేర్వేరు వేగాలతో పొరలు పొరలుగా కదలడం ఈ చిప్‌ల శక్తికి నిదర్శనం.

కమొడోర్ యాజమాన్యం మారుతున్న కొద్దీ మైనర్ బృందానికి ప్రాధాన్యం తగ్గింది. లాస్ గాటోస్‌లోని వీరి కార్యాలయాన్ని మూసివేశారు. అంతకు ముందు ఈ బృందం రేంజర్ పేరుతో మరింత మెరుగైన చిప్‌లను తలపెట్టింది. వాటికి వీడియో ర్యామ్ అనే ఖరీదైన మెమరీ కావలసి రావడంతో కమొడోర్ వాటిని స్వీకరించలేదు. మెరుగుపరచిన అసలు చిప్‌లు అమీగా 1200, 4000 కంప్యూటర్లలో వచ్చేసరికి 1992 అయింది.

ఒకప్పటి బలమే బలహీనతగా

అమీగా ఒక చుక్క రంగును ఒకేచోట ఉంచదు. దాని బిట్‌లను వేర్వేరు పొరలలో పరుస్తుంది. వీటినే బిట్‌ప్లేన్‌లు అంటారు. తక్కువ రంగులు వాడినప్పుడు మెమరీ ఆదా అవుతుంది, పొరలను విడివిడిగా జరపవచ్చు. 1985లో ఇది తెలివైన ఎంపిక. 1993 డిసెంబరులో ఐడీ సాఫ్ట్‌వేర్ వారి డూమ్ వచ్చేసరికి ఆటల తీరే మారింది. అటువంటి ఆటలో ప్రతి చుక్క రంగునూ విడిగా లెక్కించి తెరపై పెట్టాలి. పి.సి.లోని వి.జి.ఎ. తెరపై చుక్కకు ఒక బైటు, ఒకసారి రాస్తే సరిపోతుంది. అమీగాలో ఒక్క చుక్కకు ఐదారు చోట్ల మార్చాలి. బ్లిటర్, కాపర్, స్ప్రైట్‌లు ఇక్కడ అక్కరకు రాలేదు. 1993 నాటి అమీగా సి.డి.32 ఆటల యంత్రంలో ఈ మార్పిడి కొరకే ఆకికో అనే చిప్‌లో ఏర్పాటు చేశారు. కానీ అప్పటికే ఆలస్యమైంది. ఇందులో మైనర్‌ను తప్పుపట్టడం న్యాయం కాదు. ఈయన చిప్‌లు 1985 నాటి ఆటలకు కొలతలు తీసి కుట్టినవి. ఎనిమిదేళ్ళ వరకు వాటిని సరిగా మార్చకపోవడమే అసలు లోపం.

అనారోగ్యం, మరణం

మైనర్ జీవితంలో అధికకాలం మూత్రపిండాల వ్యాధితో బాధపడ్డాడు. డయాలసిస్‌పై ఆధారపడవలసి వచ్చేది. ఈయన సోదరి తన మూత్రపిండాన్ని ఒకదానిని దానం చేసింది. అమీగాను విడిచాక కూడా వాడకందారుల సంఘాలతో సంబంధం కొనసాగించాడు, వైద్య పరికరాల చిప్‌లపై పనిచేశాడు. 1994 ఏప్రిల్ 29న కమొడోర్ సంస్థ మూతపడుతున్నట్లు ప్రకటించింది. రెండు నెలలు తిరగకముందే, జూన్ 20న, కాలిఫోర్నియాలోని మౌంటెన్ వ్యూలో 62 ఏళ్ళ వయసులో మైనర్ మరణించాడు.

తరువాతి కాలంలో

తెర పనిని ప్రాసెసర్ నుండి వేరుచేసిన తొలి వ్యక్తి మైనరేనని కొన్నిచోట్ల కనిపించే మాట అతిశయోక్తి. నాణెం వేసి ఆడే యంత్రాలలో, విమాన చోదకుల శిక్షణ యంత్రాలలో అటువంటి ఏర్పాట్లు అంతకు ముందే ఉన్నాయి. వాటిని సామాన్యుడి ఇంటికి, అతడు ఇవ్వగల ధరకు తెచ్చినవారిలో మైనర్ ముఖ్యుడు. అమీగా బృందంలోని ఆర్.జె. మైకల్, డేవ్ నీడిల్ కలిసి రూపొందించిన చేతి ఆటల యంత్రం 1989లో అటారీ లింక్స్ పేరుతో, తరువాత వారు పాలుపంచుకున్న త్రీడీవో 1993లో వెలువడ్డాయి.

1995 ప్రాంతంలో కొందరు ప్రోగ్రామర్లు పి.సి.పై అమీగాను అనుకరించే యు.ఎ.ఇ. అనే సాఫ్ట్‌వేర్ రాయడం మొదలుపెట్టారు. అప్పటి పి.సి. ప్రాసెసర్ల వేగం అమీగా ప్రాసెసర్‌కు ఎన్నో రెట్లు. అయినా తొలినాళ్ళలో ఆటలు నత్తనడక నడిచాయి. ఆగ్నస్, డెనీస్, పాలా, బ్లిటర్, కాపర్ ఒకేసారి పక్కపక్కన చేసే పనులను ఒక్క ప్రాసెసర్ ఒకదాని తరువాత ఒకటిగా, ప్రతి వంతునూ లెక్కపెడుతూ చేయవలసి రావడమే కారణం. 2007లో డచ్ ఇంజనీరు డెనిస్ వాన్ వేరెన్ మరో దారి పట్టాడు. మినిమిగ్ అనే తన పలకపై ఆ మూడు చిప్‌లనూ తిరిగి హార్డ్‌వేర్‌గానే నిర్మించి, ఆ రూపకల్పనను అందరికీ ఉచితంగా విడుదల చేశాడు.